కోళ్ళ ప్రేగులలోని సూక్ష్మజీవులు, పెరుగుదల, దాణా వినియోగం: పటాన్‌చెరు ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

ఒకే హ్యాచరీ నుంచి ఒకే రోజున వచ్చిన బ్రాయిలర్ పిల్లలను, ఒకే మిల్లులో తయారైన దాణాతో, రెండు షెడ్లలో పెంచినప్పుడు ఇద్దరు రైతులకు ఒకే ఫలితం రాకపోవడం విస్తరణ శాస్త్రవేత్తలు తరచుగా గమనించే విషయం. ఒక షెడ్డులో కిలో బరువు పెరగడానికి 1.6 కిలోల దాణా సరిపోతే, మరొక షెడ్డులో 1.7 కిలోలు అవసరమవుతుంది. ఈ తేడా చూడటానికి స్వల్పంగా కనిపించినప్పటికీ, 5,000 కోళ్ళను రెండేసి కిలోల బరువు వరకు పెంచే షెడ్డులో అది ఒక టన్ను దాణాకు సమానం. బ్రాయిలర్ ఉత్పత్తి వ్యయంలో సుమారు 65 నుంచి 70 శాతం దాణాదే కనుక, దాణా మార్పిడి నిష్పత్తిలోని ప్రతి దశాంశానికీ విలువ ఉంటుంది.

తెలంగాణలో విస్తృతంగా అమలులో ఉన్న ఇంటిగ్రేషన్ పద్ధతిలో ఈ నిష్పత్తికి మరింత ప్రాధాన్యం ఉన్నది. పిల్లలు, దాణా, మందులు సంస్థ సమకూరుస్తుంది. షెడ్డు, నీరు, విద్యుత్తు, ఊక, శ్రమ రైతువి. బ్యాచ్ ముగిసిన తరువాత రైతుకు లభించే పెంపకపు రుసుమును నిర్ణయించే ప్రధాన అంశాలలో దాణా మార్పిడి నిష్పత్తి ఒకటి. జన్యువు, దాణా సూత్రం రైతు చేతిలో లేనప్పుడు, రెండు షెడ్ల మధ్య తేడా ఎక్కడ నుంచి వస్తున్నది అనే ప్రశ్నకు గత కొన్ని దశాబ్దాల పరిశోధన ఒక ముఖ్యమైన సమాధానాన్ని సూచిస్తున్నది. అది కోడి ప్రేగులలో నివసించే సూక్ష్మజీవుల సముదాయం. ఆ సముదాయాన్ని రూపొందించే నీరు, ఊక, తొలి రోజుల వెచ్చదనం, పరిశుభ్రత మాత్రం చాలావరకు రైతు నిర్వహణలోనే ఉంటాయి.

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఈ విషయానికి మరొక కోణం కూడా ఉన్నది. ప్రేగులలోని సూక్ష్మజీవులను అదుపు చేయడానికి ప్రపంచమంతా దశాబ్దాల పాటు వాడిన యాంటీబయాటిక్‌లు పెద్ద మొత్తంలో తయారైన ప్రాంతాలలో ఇది ఒకటి. ఆ మందులు పరిసరాలలోకి చేరినప్పుడు సూక్ష్మజీవులు ఎలా మారతాయో ఇక్కడి వాగులు, చెరువులపై జరిగిన అధ్యయనాలు స్పష్టంగా చూపాయి. కనుక కోళ్ళ ప్రేగుల శాస్త్రాన్ని ఈ ప్రాంత అనుభవంతో జోడించి అర్థం చేసుకోవడం ప్రయోజనకరం.

జీర్ణనాళంలో ఎవరు ఎక్కడ

కోడి జీర్ణనాళం పొడవునా సూక్ష్మజీవుల రకాలు గాని, సంఖ్య గాని ఒకేలా ఉండవు. మెడ అడుగున ఉండే మేతసంచిలో ధాన్యం కొంతసేపు నానుతుంది. అక్కడ లాక్టోబాసిల్లస్ జాతులు పిండిపదార్థాన్ని కొంత పులియబెట్టి లాక్టిక్ ఆమ్లాన్ని ఉత్పత్తి చేస్తాయి. తరువాత ఆమ్లం స్రవించే జఠరం, గింజను నలిపే కందనకాయ ఉంటాయి. ఇక్కడి ఆమ్లత్వం మేతతో వచ్చిన అనేక బాక్టీరియాను నశింపజేస్తుంది. ఈ కారణంగా కందనకాయ కేవలం నలిపే అవయవమే కాదు, వ్యాధికారక జీవులకు తొలి అడ్డుగోడ కూడా. మేత మరీ మెత్తటి పిండిగా ఉంటే కందనకాయ కండరం బలపడదు, మేత అక్కడ తగినంత సేపు నిలువదు.

చిన్నప్రేగులో మేత వేగంగా కదులుతుంది. దాని చివరి భాగంలో గ్రాముకు సుమారు 10 కోట్ల నుంచి 100 కోట్ల బాక్టీరియా ఉంటాయి, వాటిలో లాక్టోబాసిల్లస్‌లదే ఆధిక్యం. చిన్నప్రేగు, పెద్దప్రేగు కలిసే చోట సీకాలు అనే రెండు మూసిన సంచులు ఉంటాయి. వీటిలో పదార్థం గంటల తరబడి నిలువ ఉంటుంది, ప్రాణవాయువు దాదాపుగా ఉండదు. ఇక్కడ గ్రాముకు 1,000 కోట్ల నుంచి 10,000 కోట్ల వరకు బాక్టీరియా ఉంటాయి. రుమినోకాకేసి, లాక్నోస్పైరేసి కుటుంబాలకు చెందినవి, బాక్టీరాయిడ్స్ వర్గానికి చెందినవి ఇక్కడ ప్రధానమైనవి.

ఈ రెండు నివాసాల మధ్య తేడాను విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తించాలి. చిన్నప్రేగులో కోడి స్వయంగా జీర్ణం చేసుకొని గ్రహించగల చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఉంటాయి. అక్కడి బాక్టీరియా వాటి కోసం కోడితో పోటీపడతాయి. సీకాలకు చేరేది కోడి జీర్ణం చేసుకోలేక వదిలినది. అక్కడి బాక్టీరియా ఆ మిగులును పులియబెట్టి కోడికి కొంత తిరిగి ఇస్తాయి. అందువల్ల సూక్ష్మజీవులు మేలు చేస్తాయా, కీడు చేస్తాయా అనేది అవి ఏ రకానివి అనే దానితో పాటు, ఎక్కడ ఉన్నాయి, వాటికి ఏ పదార్థం అందుతున్నది అనే దానిపై కూడా ఆధారపడుతుంది.

దాణా ఎలా కలిసివస్తుంది, ఎలా వృథా అవుతుంది

సూక్ష్మజీవులు దాణా వినియోగాన్ని ప్రభావితం చేసే మార్గాలలో నాలుగు ముఖ్యమైనవి.

మొదటిది, సీకాలలో తయారయ్యే చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలు. పీచు, జీర్ణం కాని పిండిపదార్థం పులిసినప్పుడు ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు ఏర్పడతాయి. వీటిలో బ్యుటిరిక్ ఆమ్లం ప్రేగు గోడ కణాలకు ఇంధనంగా పనిచేస్తుంది, కణాల మధ్య బంధాలను పటిష్ఠం చేస్తుంది. ఆమ్లత్వం పెరగడం వల్ల సాల్మొనెల్లా వంటి జీవులకు అక్కడ నిలదొక్కుకోవడం కష్టమవుతుంది.

రెండవది, కొవ్వు జీర్ణం. కాలేయం నుంచి వచ్చే పైత్యరస లవణాలు కొవ్వును చిన్న బిందువులుగా విడగొడతాయి. చిన్నప్రేగులో కొన్ని బాక్టీరియా ఈ లవణాలను విచ్ఛిన్నం చేస్తాయి. అవి అధికమైతే కొవ్వు పూర్తిగా గ్రహించబడక రెట్టలో పోతుంది. సాధారణంగా మేలు చేసేవిగా భావించే లాక్టోబాసిల్లస్‌లలో కూడా కొన్నింటికి ఈ గుణం ఉన్నది. కనుక ఒక జాతి పేరు చూసి మంచిది, చెడ్డది అని నిర్ణయించడం సరికాదు.

మూడవది, ప్రేగు గోడ నిర్వహణ వ్యయం. ప్రేగుల లోపలి కణాలు కొద్ది రోజులలోనే రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. వాటిని కప్పి ఉంచే జిగురు పొర నిరంతరం తయారవుతుంది. హానికర బాక్టీరియా, వాటి విషపదార్థాలు, అమ్మోనియా పెరిగినప్పుడు ఈ రాలిపోవడం, తిరిగి తయారుకావడం వేగవంతమవుతాయి. కండరంగా మారవలసిన మాంసకృత్తులు ప్రేగు గోడ మరమ్మతుకు ఖర్చవుతాయి. ఆంత్రచూషకాలు పొట్టివై, పోషకాలను గ్రహించే ఉపరితలం తగ్గుతుంది.

నాలుగవది, రోగనిరోధక వ్యవస్థ వ్యయం. ప్రేగు గోడలో స్వల్పస్థాయి వాపు కొనసాగితే కోడి బయటికి జబ్బుగా కనిపించదు, కాని మేత కొంత తగ్గిస్తుంది. కాలేయం వాపును ఎదుర్కొనే మాంసకృత్తుల తయారీకి మళ్ళుతుంది. మరణాలు ఉండవు, శవపరీక్షలో స్పష్టమైన గాయాలు కనిపించవు, బ్యాచ్ చివర మాత్రం నిష్పత్తి చెడుతుంది. క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ వల్ల వచ్చే ప్రేగుల కుళ్ళు వ్యాధి యొక్క గుప్త రూపం దీనికి తగిన ఉదాహరణ. ఈ బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న కోళ్ళలోనూ కొద్దిగా ఉంటుంది. కాక్సిడియా పరాన్నజీవి ప్రేగు గోడను గాయపరచినప్పుడు, లేదా జీర్ణం కాని మాంసకృత్తులు ప్రేగు చివరి భాగానికి అధికంగా చేరినప్పుడు అది విపరీతంగా పెరిగి విషాన్ని విడుదల చేస్తుంది.

మొదటి వారం ప్రాధాన్యం

సహజంగా పొదగబడిన పిల్ల తల్లికోడి రెట్ట, ఈకలు, గూటి నుంచి మొదటి సూక్ష్మజీవులను పొందుతుంది. హ్యాచరీ పిల్లకు ఆ అవకాశం లేదు. ఇంక్యుబేటర్, పిల్లలను తరలించే పెట్టెలు, వాహనం, షెడ్డులోని ఊక, మొదటి నీరు, మొదటి మేత, మనుషుల చేతులు దానికి తొలి సూక్ష్మజీవులను అందిస్తాయి. ఖాళీగా ఉన్న ప్రేగులో ముందుగా స్థిరపడినవే తరువాత వచ్చేవాటికి చోటు ఉంటుందా లేదా అన్నది చాలావరకు నిర్ణయిస్తాయి.

ఈ సూత్రాన్ని 1973లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నుర్మి, రంటాలా నిరూపించారు. పెద్ద కోళ్ళ ప్రేగులలోని పదార్థాన్ని రోజు పిల్లలకు ఇచ్చినప్పుడు, వాటిలో సాల్మొనెల్లా స్థిరపడటం గణనీయంగా తగ్గింది. మంచి సూక్ష్మజీవులు ముందుగా చోటు ఆక్రమించి చెడ్డవాటిని రానివ్వకపోవడాన్ని పోటీ ద్వారా నివారణ అంటారు. నేటి ప్రోబయాటిక్ ఉత్పత్తులకు ఇదే మూలసూత్రం.

2013లో ఆస్ట్రేలియాలో వెలువడిన ఒక అధ్యయనం మరొక హెచ్చరిక చేసింది. ఒకే విధంగా నిర్వహించిన మూడు ప్రయోగాలలో, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ సీకాలలోని సూక్ష్మజీవుల సముదాయం ఎంతో భిన్నంగా ఉన్నది. తల్లికోడి లేని ఆధునిక పద్ధతిలో తొలి సూక్ష్మజీవులు యాదృచ్ఛికంగా చేరడమే దీనికి కారణమని వారు భావించారు. ఒక బ్యాచ్‌లో మంచి నిష్పత్తితో సంబంధం చూపిన బాక్టీరియా మరొక బ్యాచ్‌లో అదే సంబంధం చూపకపోవచ్చు. పెరుగుదలను పెంచే ఒకే ఒక బాక్టీరియా ఉన్నదని చెప్పే ప్రచారాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు జాగ్రత్తగా పరిశీలించడానికి ఇది బలమైన కారణం.

కనుక మొదటి వారంలో రైతు చేసే పనులకు జీవశాస్త్రపరమైన అర్థం ఉన్నది. పిల్లలు రాకముందే షెడ్డును, ఊకను వేడి చేయడం, దించిన వెంటనే నీరు, మేత అందేలా చూడటం, మేతసంచి నిండినదా అని చేతితో తడిమి చూడటం ఆ కోవలోనివి. చలికి గుమిగూడిన పిల్ల తినదు. తినని పిల్ల ప్రేగు సకాలంలో పెరగదు, మేలు చేసే బాక్టీరియాకు ఆహారం అందదు.

యాంటీబయాటిక్‌లు పెరుగుదల ప్రేరకాలుగా మారిన చరిత్ర

ప్రేగుల సూక్ష్మజీవులకు, పెరుగుదలకు ఉన్న సంబంధం మొదట బయటపడింది యాంటీబయాటిక్‌ల ద్వారానే. 1946లో అమెరికాలోని విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చిన కోడిపిల్లలు వేగంగా పెరగడాన్ని గమనించారు. తరువాత లెడర్లే ప్రయోగశాలలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పులిసిన పదార్థాన్ని విటమిన్ బి12 వనరుగా కోడిపిల్లలకు మేపినప్పుడు, విటమిన్‌తో వివరించలేనంత అదనపు పెరుగుదల కనిపించింది. దానికి కారణం ఆ పదార్థంలో మిగిలిన యాంటీబయాటికేనని తేలింది. ఆరియోమైసిన్ ఆవిష్కరణ జరిగిన కాలంలో లెడర్లే పరిశోధనలకు సారథ్యం వహించినవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1948 ఆగస్టులో మరణించారు. మానవ వ్యాధుల కోసం కనుగొన్న ఆ మందు కోళ్ళ దాణాలో చేరడం ఆయన మరణానంతర పరిణామం.

కొద్ది సంవత్సరాలలోనే దాణాలో టన్నుకు కొన్ని గ్రాముల యాంటీబయాటిక్ కలపడం అనేక దేశాలలో సాధారణమైంది. సూక్ష్మజీవులు ఏమాత్రం లేకుండా పెంచిన పిల్లలలో మాత్రం ఇవే మందులు పెరుగుదలను పెంచలేదని 1960 దశకంలో బ్రిటన్‌లో జరిగిన ప్రయోగాలు చూపాయి. అంటే మందు నేరుగా కోడిని పెంచడం లేదు. అది ప్రేగులలోని సముదాయాన్ని మార్చి, పైన వివరించిన నష్టాలను కొంత తగ్గిస్తున్నది. ఈ కారణంగానే పరిశుభ్రత లోపించిన షెడ్లలో వాటి ప్రభావం ఎక్కువగాను, శుభ్రమైన షెడ్లలో తక్కువగాను కనిపించింది. ఒక విధంగా చూస్తే, పెరుగుదల ప్రేరకం అనేక సందర్భాలలో నిర్వహణ లోపానికి చెల్లించిన మూల్యం.

స్వల్ప మోతాదులో దీర్ఘకాలం ఇచ్చిన మందు లొంగే బాక్టీరియాను తొలగించి, లొంగని వాటికి చోటు కల్పిస్తుంది. స్వీడన్ 1986లో, ఐరోపా సమాఖ్య మొత్తంగా 2006 జనవరి 1 నుంచి, పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌ల వాడకాన్ని నిషేధించాయి. కోళ్ళకు ఎన్రోఫ్లాక్సాసిన్ వాడకాన్ని అమెరికా 2005లో ఉపసంహరించింది. కోళ్ళ నుంచి మనుషులకు సోకే కాంపైలోబాక్టర్‌లో నిరోధకత పెరగడం దానికి కారణం. మానవ వైద్యంలో చివరి ఆయుధంగా పరిగణించే కొలిస్టిన్‌ను ఆహారాన్నిచ్చే పశువులు, కోళ్ళు, ఆక్వా సాగు, దాణా అనుబంధాలలో వాడేందుకు తయారు చేయడాన్ని, అమ్మడాన్ని భారత ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది.

పటాన్‌చెరు వాగులు చూపిన సత్యం

పైన వివరించిన ఎంపిక ప్రక్రియ ప్రేగు లోపల జరుగుతుంది కనుక కంటికి కనిపించదు. అదే ప్రక్రియ బహిరంగ ప్రదేశంలో జరిగితే ఎలా ఉంటుందో పటాన్‌చెరు ప్రాంతంలో ప్రపంచానికి తెలిసింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ఇక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిని విశ్లేషించి ఫలితాలను ప్రచురించింది. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలు అప్పట్లో ఆ కేంద్రానికి చేరేవి. శుద్ధి అనంతరం కూడా ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలింది. చికిత్స పొందే రోగి రక్తంలో ఉండే స్థాయి కంటే ఇది ఎక్కువ. ఒక్క రోజులో విడుదలైన పరిమాణం సుమారు 45 కిలోలని, అది స్వీడన్ దేశమంతా ఐదు రోజులలో వాడే మందుకు సమానమని వారు లెక్కించారు.

ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరా నదికి చేరేది. తరువాతి అధ్యయనాలు ఈ ప్రాంతంలోని ఒక చెరువులో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్‌ను, కొన్ని గ్రామాల బావులలో ఔషధాల ఆనవాళ్ళను గుర్తించాయి. 2011లో వాగు అడుగు మట్టిపై జరిగిన జన్యు విశ్లేషణలో, పలు రకాల యాంటీబయాటిక్‌లకు లొంగని జన్యువులు, వాటిని ఒక బాక్టీరియా నుంచి మరొక దానికి చేరవేసే జన్యు భాగాలు అధికంగా కనిపించాయి. 2014లో కాజిపల్లి చెరువుపై వెలువడిన అధ్యయనం, స్వీడన్‌లోని ఒక చెరువుతో పోల్చినప్పుడు ఇక్కడ నిరోధక జన్యువులు వేల రెట్లు అధికమని తెలిపింది. తరువాతి కాలంలో శుద్ధి కేంద్రం నీటిని పైపులైను ద్వారా హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రానికి మళ్ళించారు.

ఈ అధ్యయనాలు కోళ్ళపై జరిగినవి కావు. అయినప్పటికీ కోళ్ళ పెంపకానికి వాటి నుంచి రెండు పాఠాలు లభిస్తాయి. ఒకటి, సిప్రోఫ్లాక్సాసిన్ కోళ్ళ పెంపకానికి పరాయి మందు కాదు. కోళ్ళకు ఇచ్చే ఎన్రోఫ్లాక్సాసిన్ కోడి శరీరంలో కొంతమేరకు సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. వాగు అడుగు మట్టిలో జరిగిన ఎంపికే, చిన్న పరిమాణంలో, ప్రతి కోడి సీకాలలో జరిగే అవకాశం ఉంటుంది. రెండు, నిరోధక జన్యువులు ఒకే జాతికి పరిమితం కావు. ప్లాస్మిడ్‌ల ద్వారా హానిలేని బాక్టీరియా నుంచి వ్యాధికారక బాక్టీరియాకు చేరగలవు. గ్రాముకు వేల కోట్ల బాక్టీరియా ఉన్న సీకాలు అటువంటి మార్పిడికి అనువైన ప్రదేశం. అవసరం లేకుండా షెడ్డులో వాడిన మందు ఒక బ్యాచ్ బరువును కాపాడవచ్చు. తరువాతి బ్యాచ్‌కు, పొరుగు షెడ్డుకు, చివరికి అదే గ్రామంలోని రోగికి ఆ మందు పనిచేయకుండా పోయే ప్రమాదాన్ని మాత్రం అది పెంచుతుంది.

నీరు, ఊక, ఎరువు

కోడి తిన్న దాణా బరువుకు సుమారు రెండింతల నీరు తాగుతుంది, వేసవిలో మరింత ఎక్కువ. అయినా దాణాకు ఇచ్చే శ్రద్ధ నీటికి ఇవ్వడం అరుదు. పారిశ్రామిక ప్రాంతంలోని రైతు కొత్త బోరు వేసినప్పుడు, లేదా పాత బోరు నీటి రుచి, రంగు మారినప్పుడు నీటి పరీక్ష చేయించడం తప్పనిసరి పనిగా భావించాలి. మొత్తం కరిగిన లవణాలు, సల్ఫేట్, నైట్రేట్, కాఠిన్యం, పి.హెచ్., కోలిఫాం బాక్టీరియా పరీక్షించవలసిన ముఖ్యాంశాలు. సల్ఫేట్, మెగ్నీషియం అధికంగా ఉన్న నీరు రెట్టను పలుచన చేస్తుంది. దానితో ఊక తడుస్తుంది, తడిసిన ఊకలో కాక్సిడియా, క్లాస్ట్రీడియం వృద్ధి చెందుతాయి. ప్రేగు సమస్యగా కనిపించేది ఇటువంటి సందర్భంలో నిజానికి నీటి సమస్య.

నీటి గొట్టాల లోపల ఏర్పడే జిగురు పొర బాక్టీరియాకు ఆశ్రయం. విటమిన్లు, బెల్లం నీరు, మందులు ఇచ్చిన తరువాత గొట్టాలను కడగకపోతే ఈ పొర మందమవుతుంది. బ్యాచ్‌ల మధ్య గొట్టాలను శుభ్రపరచి, పెంపకకాలంలో క్లోరిన్‌తో నీటిని శుద్ధి చేయాలి. క్షారగుణం ఉన్న బోరు నీటిలో క్లోరిన్ ప్రభావం తగ్గుతుంది. అటువంటి చోట సేంద్రియ ఆమ్లంతో పి.హెచ్. తగ్గించడం రెండు విధాల ఉపయోగకరం. నీటి ద్వారా టీకా లేదా ప్రోబయాటిక్ ఇచ్చే సమయంలో క్లోరిన్ నిలిపివేయాలనే విషయం రైతులకు స్పష్టంగా చెప్పాలి.

వరి ఊక లిట్టర్ కోడికి పరుపు మాత్రమే కాదు. కోడి దానిని నిరంతరం పొడుస్తూ ఉంటుంది కనుక, అందులోని సూక్ష్మజీవులు తిరిగి ప్రేగులోకి చేరతాయి. చేతితో పిడికిలి పట్టి వదిలినప్పుడు ముద్దగా నిలవకుండా విడిపోయే ఊకలో తేమ సరిగా ఉన్నట్లు. అమ్మోనియా వాసన మనిషి కళ్ళకు మంట కలిగించే స్థితికి రాకముందే ఊకను తిరగవేయడం, గాలి ప్రసరణ పెంచడం అవసరం.

బ్యాచ్ ముగిసిన తరువాత ఈ ఊక పొలానికి చేరుతుంది. కోళ్ళ ఎరువులో సుమారు 3 శాతం నత్రజని, 2.6 శాతం భాస్వరం, 1.4 శాతం పొటాష్ ఉండటం వల్ల కూరగాయల రైతులు దీనిని ఎంతగానో కోరుకుంటారు. అయితే ఫ్లోరోక్వినోలోన్ వర్గపు మందులు మట్టికి బలంగా అంటుకొని చాలాకాలం నిలుస్తాయి. తాజా ఎరువును నేరుగా వేస్తే నిరోధక బాక్టీరియా కూడా దానితో పాటు పొలానికి చేరుతుంది. కుప్పగా వేసి, తేమ ఉంచి, 55 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి వచ్చేలా కొన్ని వారాలు చివకనిచ్చి, మధ్యలో తిరగవేస్తే వ్యాధికారక జీవులు చాలావరకు నశిస్తాయి. మందుల అవశేషాలు పూర్తిగా పోతాయని మాత్రం చెప్పలేము. షెడ్డులో వాడకం తగ్గించడమే అసలు నివారణ.

దాణా గింజలు, సూక్ష్మజీవులు

పంటల శాస్త్రానికి, ప్రేగుల శాస్త్రానికి దాణా గింజ వద్ద సంబంధం ఏర్పడుతుంది. గోధుమ, బార్లీలలో నీటిలో కరిగే పిండియేతర పాలీశాకరైడ్‌లు అధికం. అవి ప్రేగులోని పదార్థాన్ని జిగటగా మార్చి, దాని కదలికను మందగింపజేసి, చిన్నప్రేగులో బాక్టీరియా పెరగడానికి దోహదం చేస్తాయి. అందువల్ల అవి ప్రధాన గింజలైన దేశాలలో జైలనేజ్ వంటి ఎంజైమ్‌లు తప్పనిసరి అయ్యాయి. మన ప్రాంతంలో ప్రధానమైన మొక్కజొన్నలో, అలాగే జొన్న, సజ్జలలో ఈ సమస్య తక్కువ.

1972లో పటాన్‌చెరులో స్థాపించబడిన ఇక్రిశాట్, జొన్న, సజ్జలను కోళ్ళ దాణాలో వినియోగించడాన్ని ప్రోత్సహించే కార్యక్రమాలను 2000 దశకంలో చేపట్టింది. టానిన్లు లేని తెల్ల జొన్న మొక్కజొన్నకు చాలావరకు ప్రత్యామ్నాయం కాగలదు. సజ్జలో మాంసకృత్తులు, నూనె మొక్కజొన్న కంటే ఎక్కువ. ఖరీఫ్ జొన్న గింజ దశలో వర్షానికి తడిస్తే బూజు పడుతుంది. మొక్కజొన్నను తగినంత ఆరబెట్టకుండా నిల్వ చేస్తే అఫ్లాటాక్సిన్ చేరుతుంది. బూజు విషాలు కాలేయాన్ని, రోగనిరోధక శక్తిని, ప్రేగు గోడను దెబ్బతీసి హానికర బాక్టీరియాకు దారి తెరుస్తాయి. గింజను 12 శాతం తేమకు ఆరబెట్టి నిల్వ చేయడం కోడి ప్రేగుల ఆరోగ్యానికి పొలంలోనే మొదలయ్యే సంరక్షణ.

ప్రత్యామ్నాయాలను పరీక్షించే పద్ధతి

పెరుగుదల ప్రేరకాల స్థానంలో నేడు ప్రోబయాటిక్‌లు, ప్రీబయాటిక్‌లు, సేంద్రియ ఆమ్లాలు, ఎంజైమ్‌లు, మొక్కల నుంచి తీసిన సుగంధ తైలాలు విక్రయించబడుతున్నాయి. బాసిల్లస్ సబ్‌టిలిస్ వంటి జాతులు బీజాంశ రూపంలో ఉండటం వల్ల దాణాను గుళికలుగా చేసే వేడిని తట్టుకుంటాయి. లాక్టోబాసిల్లస్‌లు ఆ వేడికి నశిస్తాయి కనుక వాటిని నీటి ద్వారా ఇవ్వడం మేలు. ఈస్ట్ కణకవచం నుంచి లభించే మానన్ ఓలిగోశాకరైడ్‌లు కొన్ని వ్యాధికారక బాక్టీరియా ప్రేగు గోడకు అంటుకోకుండా చేస్తాయి. ప్రోబయాటిక్‌ను, దానిని చంపే యాంటీబయాటిక్‌ను ఒకేసారి ఇవ్వడం రెండింటి ఖర్చునూ వృథా చేయడమే.

ఈ ఉత్పత్తుల ఫలితాలు షెడ్డును బట్టి, కాలాన్ని బట్టి మారతాయి. ఒక షెడ్డులో ఉత్పత్తిని వాడి, గత బ్యాచ్‌తో పోల్చి సిఫారసు చేయడం శాస్త్రీయం కాదు. ఏప్రిల్, మే నెలల ఎండ తీవ్రత ఒక్కటే ప్రేగు గోడను బలహీనపరచి నిష్పత్తిని మార్చగలదు. ఒకే షెడ్డులో ఒకే వయసు పిల్లలను అనేక గదులుగా విభజించి, ఉత్పత్తి ఇచ్చినవి, ఇవ్వనివి యాదృచ్ఛికంగా కేటాయించాలి. గణాంక విశ్లేషణలో ప్రయోగ యూనిట్ కోడి కాదు, గది అని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. చనిపోయిన కోళ్ళ బరువును లెక్కలోకి తీసుకొని నిష్పత్తిని సవరించాలి. జన్యు విశ్లేషణ చేసినప్పుడు అది బాక్టీరియాల పరస్పర నిష్పత్తిని చూపుతుందే తప్ప, వాటి పనిని నేరుగా చూపదని గమనించాలి. అందువల్ల ఆంత్రచూషకాల ఎత్తు, కొవ్వు ఆమ్లాల పరిమాణం, ఊక తేమ వంటి కొలతలను కూడా జతచేయడం అవసరం.

చికిత్సకు యాంటీబయాటిక్ తప్పనిసరి అయ్యే సందర్భాలు ఉంటాయి. వ్యాధిగ్రస్త మందకు మందు నిరాకరించడం ఈ చర్చ ఉద్దేశం కాదు. పశువైద్యుని నిర్ధారణ, వీలైనచోట బాక్టీరియా సున్నితత్వ పరీక్ష, సరైన మోతాదు, పూర్తి కాలం, మాంసం అమ్మకానికి ముందు పాటించవలసిన విరామం అనే ఐదు నియమాలకు లోబడి మాత్రమే దానిని వాడాలి.

ముగింపు

కోడి తిన్న దాణా మాంసంగా మారడం కోడి ఒక్కదాని పని కాదు, ప్రేగులలోని కోటానుకోట్ల సూక్ష్మజీవులు అందులో భాగస్వాములు. వాటిని మందుతో అణచి పొందిన ప్రయోజనం తాత్కాలికం, దాని భారం షెడ్డు బయట పేరుకుంటుంది. అది ఎంత దూరం వెళ్ళగలదో ఇసకవాగు, నక్కవాగుల అడుగు మట్టి నమోదు చేసి ఉంచింది. శుభ్రమైన నీరు, పొడి ఊక, తొలి వారం వెచ్చదనం, బూజు లేని గింజ ద్వారా అదే సముదాయాన్ని అనుకూలంగా మలచుకున్న రైతు దాణా ఆదాను, పెంపకపు రుసుమును నిలుపుకోగలడు. షెడ్డును సందర్శించే విస్తరణ శాస్త్రవేత్త ఏ మందు ఇచ్చారని అడగడానికి ముందు, నీటిని ఎప్పుడు పరీక్షించారని అడగడం ఈ దిశలో తగిన మొదటి అడుగు.